మా ఊరికి లక్ష్యాలు వచ్చాయి

లక్ష్యం లేని మనిషి పేరు రేషన్ కార్డులోంచి తీసెయ్యాలని ప్రభుత్వం వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

కంగారు పడకండి. ఇది కోపంతో అంటున్న మాట కాదు, అనుభవంతో అంటున్న మాట. మొన్నమొన్నటి దాకా నేనూ లక్ష్యం లేని మనిషినే. పొద్దున్నే లేచేవాణ్ణి. ఎందుకు లేస్తున్నానో తెలియకుండానే లేచేవాణ్ణి! కాఫీ తాగి, ఇంటి వెనకున్న కొబ్బరితోటలో చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరిగి, దింపు తీసే రోజైతే కాయలు దబ్బు దబ్బున పడుతుంటే దూరం నుంచి చూసి, మధ్యాహ్నం మామిడికాయ పప్పుతో భోజనం చేసి, అరుగు మీద నడుం వాల్చేవాణ్ణి. సాయంత్రం కాలవ లాకుల దగ్గర నలుగురితో కబుర్లు. పైకి చూసేవాళ్ళకి సుఖంగా ఉన్నట్టే కనిపించేవాణ్ణి. నాకూ అలాగే అనిపించేది. అది సుఖం కాదనీ, దాన్ని కంఫర్ట్ జోన్ అంటారనీ, అదొక జబ్బనీ చదువుకున్నవాళ్ళు వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

నా పేరు గంగాధరరావు. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా తమ్ముడు నాగసతీష్‌కి అమలాపురంలో సెల్‌ఫోన్ల షాపుంది. వాడి ఫోన్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకాయన కోటు వేసుకుని అరుస్తుంటాడు. ‘నిద్ర లే! నిన్ను నువ్వు గెలువు!’ అని. పాపం, ఎవరిమీదో కోపం అనుకునేవాణ్ణి. కాదట, మోటివేషనట.

ఆ కోటాయనల్లో ఒకాయన్ని మావాడే హైదరాబాదు నుంచి అమలాపురం రప్పించాడు. పేరు ఉదయభాస్కర్. కళ్యాణమండపంలో శిబిరం. శిబిరం పేరు ‘శిఖరం’. మాదంతా చదును నేల కదండీ, గుడి శిఖరం తప్ప ఇంకో శిఖరం ఎరగం. అందుకని వింతగా జనం బాగానే వచ్చారు. ఎండలు మండిపోతున్న రోజులు. ఆయన మాత్రం కోటు విప్పలేదు. కోటు విప్పితే మోటివేషన్ జారిపోతుందేమో మరి, మనకేం తెలుసు!

‘మనిషిని కదిలించేవి రెండే రెండు. ఒకటి ఆశ! రెండు భయం!’ అన్నారాయన మైకులో. ఎంత గొప్ప మాట! కాకపోతే ఆయన కోనసీమకి కొత్త. గోదావరి పాయల మధ్య బతికే మా జనాన్ని కదిలించేది మూడోది ఒకటుంది. మొహమాటం.

నవ్వకండి. మావాళ్ళు పెళ్ళిళ్ళకి వెళ్ళేది మొహమాటంతో. వెళ్ళాక నాలుగో బూరె తినేది మొహమాటంతో. ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన ప్రతివాడికీ ‘ఆయ్, మీకేనండి’ అనేది మొహమాటంతో. మా ఎదురింటి రామ్మూర్తిగారింట్లో మూడు కుట్టుమిషన్లున్నాయి, కుట్టడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మడానికి వచ్చినవాడు అంత ఎండలో వచ్చాడు కదా, వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని తీసుకున్నారట. మూడోవాడికి మొదటి రెండూ కనబడకుండా దుప్పటి కూడా కప్పారు.

మా మొహమాటానికి ఒక పద్ధతుంది. మీరు మా ఇంటికొచ్చారు. ‘కాఫీ తాగుతారాండీ?’ అంటాం. ‘అబ్బే, ఇప్పుడే తాగేనండి’ అనాలి మీరు. తాగకపోయినా అనాలి. ‘కొంచెం తాగండి’ అంటాం. ‘ఎందుకండీ మీకు శ్రమ’ అనాలి. ‘కలిపేసేరండి, తాగకపోతే పారబొయ్యాలి’ అంటాం. అప్పుడు మీరు ‘అయితే సగం గ్లాసివ్వండి’ అంటే నిండు గ్లాసు వస్తుంది. భోజనమైనా అంతే. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం మీ వంతు, వేళ్ళ సందుల్లోంచి వడ్డించడం మా వంతు. మొదటిసారికే ‘పెట్టండి’ అనేవాడు కరువులోంచి వచ్చినట్టు లెక్క. రెండోసారి అడగనివాడు అడగడం ఇష్టం లేక అడిగినట్టు లెక్క. ఈ లెక్కలు మాకు ఎవరూ నేర్పలేదు, ఉగ్గుపాలతో వచ్చాయి.

ఇలాంటి జనం ముందు నిలబడి ఉదయభాస్కర్‌గారు ఏమన్నారో తెలుసా? ‘జీవితంలో ఇంకా పైకి రావాలని ఎంతమందికి ఉంది? చేతులెత్తండి!’

ఒక్క చెయ్యి లేవలేదు. ఎలా లేస్తుందండీ? పదిమందిలో ‘నాకింకా కావాలి’ అని చెయ్యెత్తడమే! బంతిలో కూర్చుని ‘ఆ వంకాయకూర ఇటు పట్రండి’ అని కేకేసినట్టు ఉండదూ? అందరం తలలు వంచుకుని చిరునవ్వులు నవ్వాం. ఆయన మొహం వాడిపోయింది. మాలో మోటివేషన్ సున్నా అని తేల్చేసి, మైకు పట్టుకుని వేదిక దిగి, సరాసరి ముందు వరసలో ఉన్న నా దగ్గరికే వచ్చారు.

‘సార్! మీకు జీవితంలో ఏం కావాలి?’

‘నాకేం కావాలండి. అన్నీ ఉన్నాయండి’ అన్నాను.

మర్యాద తెలిసిన మనిషైతే ఇక్కడ ‘అలా అంటే కుదరదు, ఏదో ఒకటి చెప్పండి’ అంటాడు. నేను ‘అబ్బే’ అంటాను. ఆయన మళ్ళీ అడుగుతాడు. అప్పుడు చెబుదామని గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చున్నాను. ఆయన అడిగితేనా! ఇంతకీ ఏం చెబుదామనుకున్నానని మీకు కుతూహలంగా ఉందా? మీరు మాత్రం ఒక్కసారి అడిగితే చెప్పేస్తాననుకున్నారా?

ఈలోగా మా నాగసతీష్ లేచాడు. ‘మా అన్నయ్యకి పెద్ద కల ఉందండి. ఇంటి వెనక, రోడ్డు వారనే మాకు కొబ్బరితోట ఉందండి. అది తీసేసి ఏసీ ఫంక్షన్ హాలు కట్టాలనండి. పైకి చెప్పుకోలేడండి, మొహమాటం!’

నా కల గురించి నేను వినడం అదే మొదటిసారి. బాగానే ఉందనిపించింది. హాలంతా చప్పట్లు. ‘అంతేనా సార్?’ అన్నారు ఉదయభాస్కర్‌గారు. అంతమంది నా కోసం చేతులు నొప్పెట్టేలా కొడుతుంటే మధ్యలో ఆపమని ఎలా అంటామండీ?

‘ఆయ్’ అన్నాను.

చూశారా, ఎంత తేలిగ్గా పుట్టిందో లక్ష్యం! నేను వేలు కదపలేదు. బుర్ర కదపలేదు. ఇంతకాలం అందరూ లక్ష్యం నిర్ణయించుకోవడం కష్టమంటుంటే నిజమే అనుకున్నాను. మనది మనం నిర్ణయించుకుంటే కష్టం. ఇంకొకళ్ళది నిర్ణయించడంలో కష్టమేమీ లేదు.

తర్వాత ఆయన మైకు పట్టుకుని ఆడవాళ్ళ వైపు వెళ్ళారు. మా ఆవిడ రమణి అక్కడే కూర్చుంది. ‘మేడమ్, మీ లక్ష్యం?’ అన్నారు. ‘నాకేం ఉంటాయండీ’ అంది రమణి. ‘సూపర్! ప్రతి విజేత వెనకా ఇలాంటి త్యాగమూర్తి ఉంటుంది!’ అన్నారాయన. మళ్ళీ చప్పట్లు. రమణి ఏదో అనబోయినట్టుంది గానీ మైకు అప్పటికే రెండు వరసలు దాటిపోయింది.

నేను ఇంట్లో నియంతని కాదు. ఇంటికొచ్చాక స్వయంగా అడిగాను. ‘రమణీ, తోట తీసేస్తే నీకేం అభ్యంతరం లేదుగా?’ అన్నాను. ‘మీ ఇష్టమండి’ అంది. ఇల్లాలి సంపూర్ణ మద్దతు అలా లభించింది. తోట మా అమ్మ మరిడమ్మ పేరున ఉంది కాబట్టి ఆవిడనీ అడిగాను. ‘మీ అన్నదమ్ములిద్దరూ అనుకున్నాక నాదేముందిరా’ అంది. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండటమంటే ఇదీ! మిగతా ఇళ్ళల్లో ఆస్తి దగ్గర ఎన్ని గొడవలు! మా ఇంట్లో ఒక్క శిబిరంతో అంతా సర్దుకుపోయింది.

ఇక ఊరి సంగతి చెబుతాను. శిబిరం తర్వాత మా ప్రాంతం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. సెలూన్‌కి వెళితే ‘జుట్టు విషయంలో మీ అయిదేళ్ళ విజన్ ఏంటండీ?’ అని అడుగుతున్నారు. నా నెత్తి చూసి అడగాల్సిన ప్రశ్నేనా అది! టిఫిన్ హోటల్లో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసిన పొట్టిక్కలు ఉడుకుతుంటాయి, వాటి పైన ‘మా మిషన్: మండలంలో ఆకలికి తావులేదు’ అని బోర్డు వేలాడుతోంది. చట్నీ మాత్రం ఎప్పట్లాగే అయిపోయింది. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే మా బంధువొకాయన, రెండో క్లాసు చదివే మనవణ్ణి పిలిచి ‘అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటావురా?’ అని అడిగాడట. ‘ఏడో క్లాసులో’ అన్నాడట వాడు. విజన్ లేదని ఆ సాయంత్రమే ట్యూషన్లో పడేశారు.

పెళ్ళిచూపుల్లో గోల్ అడుగుతున్నారు. పురుళ్ళలో గోల్ అడుగుతున్నారు. పక్క వీధిలో ఒక పెద్దాయన కాలం చేస్తే పరామర్శకి వెళ్ళిన మావాడు ‘గోల్ రీచయ్యేరాండీ?’ అని ఆరా తీశాడు. ఇంట్లో అద్దం మీద ‘నువ్వు పులివి’ అని కాగితం అంటించాడు. రోజూ గడ్డం గీసుకుంటూ పులిని చూసుకుంటున్నాను. పులికి మధ్యాహ్నం నిద్ర నిషేధమట. కాలవ లాకుల దగ్గర కబుర్లు కూడా బంద్. అక్కడివాళ్ళు నెగిటివ్ పీపులట. చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళు, నాకెప్పుడూ అలా కనబడలేదు.

మొన్న సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతున్నాను. పక్కన నిలబడ్డ పెద్దమనిషిని అలవాటుకొద్దీ ‘మీ గోల్ ఏంటండీ?’ అని అడిగాను. ‘నరసాపురమండి’ అన్నాడాయన. కాసేపటికి చేరిపోయాడు కూడా. ఈ ఉద్యమం మొదలయ్యాక లక్ష్యం చేరుకున్న మనిషిని నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

సరే, నా లక్ష్యం దగ్గరికి వద్దాం. చెట్లు కొట్టేసే మిషను మర్నాడు వస్తుందనగా ఉదయభాస్కర్‌గారు తన శిబిరంలో పుట్టిన లక్ష్యం కదా అని స్థలం చూడ్డానికి మా ఇంటికి వచ్చారు, వెంట నాగసతీష్. తోటలో కాసేపు తిరిగారు. ‘ఇక్కడ స్టేజి. ఇక్కడ బఫే. ఇక్కడ కార్ పార్కింగ్’ అని చెట్లని చూపిస్తూ పోయారు. చెట్లు కూడా కోనసీమవే కదా, అవీ ఏమీ అనలేదు. ఇంట్లోకి రాగానే మా అమ్మ ఎదురెళ్ళి, ‘భోజనం చేసి వెళ్ళాలి బాబూ’ అంది.

‘తప్పకుండా అమ్మా! ఆకలి దంచేస్తోంది’ అన్నారాయన.

మా వంశంలో మొదటి పిలుపుకే విస్తరి ముందు కూర్చున్న అతిథి ఆయనే. మా అమ్మ రెండో పిలుపూ మూడో పిలుపూ నోట్లో సిద్ధంగా పెట్టుకుని ఉంది. వాటిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే నిలబడిపోయింది.

అరటాకులు వేశారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముక్కల పులుసు, కొబ్బరిపచ్చడి, గారెలు. రమణి వడ్డిస్తోంది. అమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఉదయభాస్కర్‌గారు చెయ్యి అడ్డం పెట్టకుండా అన్నీ వేయించుకుని, సంతోషం పట్టలేక, ‘హాలుకి మేడమ్‌గారి పేరే పెడదాం. రమణీ కన్వెన్షన్స్! ఏమంటారు మేడమ్?’ అన్నారు.

‘నా పేరెందుకండీ’ అంది రమణి.

‘సింపుల్ పర్సన్!’ అని ఆయన గారె కొరికారు.

అమ్మ మాత్రం రమణి మొహంలోకే చూస్తోంది. ‘ఏమ్మా, ఆ హాలు నీకిష్టం లేదా?’ అంది.

‘నాదేముందండత్తయ్యగారూ. మీ అందరి ఇష్టమూను.’

‘మా ఇష్టం సంగతి సరే. నీకేం కావాలి?’

‘నాకేం వద్దండి.’

‘నీ మొహమాటం నా దగ్గర కాదు. చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించే దాన్ని నేను. చెప్పు, నీకేం కావాలి?’

రమణి గారెల గిన్నె కింద పెట్టింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుంది.

‘తోట కొట్టించకండత్తయ్యగారూ’ అంది. ‘అది నాకొదిలెయ్యండి, నేను చేయించుకుంటాను. ఈయనకి చెట్ల కింద తిరగడం ఇష్టం గానీ, చేయించడం ఇష్టం లేదండి. నాకిష్టమండి. ఈ ఇంటికొచ్చిన కొత్తల్నించీ ఇష్టమే. చెట్ల కింద కోకో వేద్దామనీ, గట్టెమ్మట కంద పెడదామనీ వంటింటి కిటికీలోంచి చూసినప్పుడల్లా అనుకుంటాను. ఎవరితో అనను. రేపు మిషనొస్తుందన్న కబురు తెలిసినప్పట్నుంచీ ముద్ద దిగట్లేదండి.’

మా పెళ్ళైనప్పటినుంచీ అన్ని మాటలు ఒక్కసారిగా ఆవిడ నోట నేను వినలేదు. కలిపిన ముద్ద నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఉదయభాస్కర్‌గారు నిజంగానే నొచ్చుకున్నారు. ‘అదేంటి మేడమ్! ఇంత క్లారిటీ ఉంది కదా, మరి ఆ రోజు నేను అడిగితే ఎందుకు చెప్పలేదు?’

‘మీరు ఒక్కసారే అడిగేరు కదండీ’ అంది రమణి.

ఆ మాట తగలాల్సింది ఆయనకి. తగిలింది మాత్రం నాకు. ఆయనంటే పరాయి ప్రాంతం మనిషి, పద్ధతి తెలియదు. నాకేమైంది?

అమ్మ లేచి నిలబడింది. ‘సతీషూ, ఆ మిషనోళ్ళని రావద్దని చెప్పెయ్.’

‘అమ్మా! అన్నయ్య కలమ్మా అది!’

అమ్మ నా వైపు తిరిగింది. ‘ఒరే, అది నీ కలేనా?’

‘కాదమ్మా’ అన్నాను. జీవితంలో మొదటిసారి, అడిగిన మొదటిసారికే చెప్పేశాను. మావాడు గుర్రుగా చూశాడు. ఉదయభాస్కర్‌గారు మాత్రం పెద్దమనిషి, పెరుగు కూడా వేయించుకుని గానీ లేవలేదు.

ఇప్పుడు తోట రమణిది. కోకో మొక్కలు పెట్టించింది. నేను తొక్కేస్తానని గట్టు దగ్గరే ఆపేస్తోంది. నా పచార్లకి ఆవిడ అనుమతి కావాలి. దింపు రోజున తలకి తుండు చుట్టుకుని కాయలు పోగులు పెట్టిస్తుంటే, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టుంటోంది. బాగుందండీ. చాలా బాగుంది. మధ్యాహ్నం నిద్ర కూడా నాకు తిరిగొచ్చింది. ఉదయభాస్కర్‌గారు ఫోన్లో కొత్త వీడియో వదిలారు, ‘కోనసీమలో ఒక సామాన్య గృహిణిని నేనెలా మోటివేట్ చేశాను’ అని. లక్షణంగా చెప్పుకోనివ్వండి. ఆయన గారెలు తినకపోతే ఇదంతా జరిగేది కాదు.

కాబట్టి లక్ష్యాలు గొప్పవి, శిబిరాలు ఇంకా గొప్పవి అని మరోసారి ఘంటాపథంగా చెబుతున్నాను. ఒక్కటే అర్థం కావడం లేదు. దారినపోయేవాడు ‘కాఫీ వద్దండి’ అంటే, అది మొహమాటమని మనకి ఇట్టే తెలుస్తుంది. బతిమాలి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి తాగిస్తాం. అదే, మన ఇంట్లో మనకి రోజూ కాఫీ ఇచ్చే మనిషి ‘నాకేం వద్దండి’ అంటే మాత్రం వెంటనే నిజమని నమ్మేస్తాం! పైగా ‘అల్పసంతోషి’ అని నలుగురిలో మెచ్చుకుంటాం. అతిథి మర్యాదకి పేరు పడ్డ సీమండీ మాది. ఆ మర్యాద గుమ్మం దాటి లోపలికి ఎందుకు రాదు?

నిన్న మధ్యాహ్నం అమ్మ వసారాలో కూర్చుని దూదితో వత్తులు చేసుకుంటోంది. ఆవిడ చేతుల వంక చూస్తుంటే ఒక సంగతి తోచింది. తోట ఆవిడది. హాలు కడతామంటే సరేనంది. తోట రమణికిమ్మంటే సరేనని ఇచ్చేసింది. ఎవరికేం కావాలో అందరినీ అడిగి వడ్డించింది.

‘అమ్మా, నీకేం కావాలి?’ అన్నాను.

‘నాకేం కావాల్రా ఈ వయసులో’ అంది తలెత్తకుండా.

పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ‘వయసు సంగతి సరేనమ్మా. నీకేం కావాలి?’

‘అబ్బే, ఏం లేదురా’ అంది అమ్మ. ఈసారి వత్తులు పక్కన పెట్టి అంది.